లగ్గం కార్డు మీద నా రెండు పంక్తులు

మొన్న నా ఫోనుకు ఒక లగ్గం కార్డు వచ్చింది. "మా వాకిట ముగ్గుకు మీ అడుగే అందం, మా పిల్లల జంటకు మీ దీవెనే గంధం" అని పైన ఉంది. అడుగున ఆ కార్డు తయారుచేసిన కుర్రవాడి పేరు మెరుస్తోంది. ఆ రెండు పంక్తులు నావి. ఒకప్పుడు కరీంనగర్ నుంచి భైంసా దాకా అవి లేకుండా పెండ్లి జరగలేదు. జరగలేదంటే, కొన్ని జరిగాయి లెండి. మా ప్రెస్సుకు రానివాళ్ళవన్నీ జరిగాయి.

సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, దారంతో కట్టిన కాలం మా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. కంపోజిటర్‌గా చేరిన కొత్తలో నేను పేర్చిన ఆ పంక్తుల కట్టను మా సేటు విప్పనివ్వక అరలో దాచి, వచ్చిన ప్రతి కార్డుకూ వాడేవాడు. కింద పిల్లా పిల్లగాని పేర్లు మాత్రం మారేవి. నాకు కడుపు మండేది. రాసినవాడి పేరు వేయాలి కదా అంటే నవ్వేవాడు.

"అచ్చులు నావి, సిరా నాది, మిషిను నాది. మాటలంటవా, గాలికి పోయేటియి. గాలి మీ బాపు కొన్నడా?"

ఉండబట్టలేక, ఒకనాడు ఆయన భోజనానికి వెళ్ళగానే పంక్తుల కింద నా పేరు పేర్చి అచ్చువేశాను. అది సరిగ్గా పెండ్లికొడుకు పేరు పైన పడింది. కార్డులు పట్టుకుపోయిన పిల్ల తండ్రి మరునాడే హుస్నాబాద్ నుంచి ఊగిపోతూ తిరిగొచ్చాడు.

"మా బిడ్డకు ఇద్దరు పెండ్లికొడుకులా? గీ మొదటోడెవడో జర సూపియ్యున్రి!"

సేటు నన్ను చూపలేదు. కార్డులన్నీ మళ్ళీ వేసిచ్చి, నా పేరు పీకి, కరిగించే సీసంలో పారేశాడు.

లా చదువుతున్న మనవరాలికి ఇదంతా చెబితే, సేటు మాట కొత్తదేమీ కాదంది. ఇంగ్లండులోనూ మొదట పుస్తకం మీద హక్కు అచ్చువేసేవాళ్ళదేనట, రాసినవాడి హక్కును చట్టం ఒప్పుకున్నది ఆ తరువాతేనట. ఎవరిదీ కాని దానిలో మన కష్టం కలిపితే అది మనదవుతుందని ఒక తత్వవేత్త అన్నాడట. మాట పొలంలాంటిది కాదు, ఒకరు వాడుకుంటే ఇంకొకరికి తరగదని మరికొందరు అన్నారట. నాకు మొదటాయనే నచ్చాడు. ఇప్పుడు సీసమూ లేదు, సేటూ లేడు, వేలితో తాకితే చాలు కార్డు ఊళ్ళు దాటుతోంది. నా కష్టం మాత్రం పేరు లేకుండా తిరుగుతోందని నిట్టూర్చాను.

పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న మా అక్క తలెత్తింది.

"ఏం కష్టంరా నీది? గది మన అవ్వ వాకిట్ల ముగ్గేసుకుంట పాడేది. నువ్వు కలిపింది నీ పేరొక్కటే. గది గూడ పీకేసిండ్రు."