ఇరవైకి పదమూడు

నా చిన్నప్పుడు లెక్కలన్నీ సరిగ్గా చేసి కూడా ఏడ్చిన రోజు ఒకటుంది. ఇరవై లెక్కలు, ఇరవై జవాబులు, అన్నీ ఒప్పే. పక్కింటి అక్క వాటి కింద ఎర్ర సిరాతో పదకొండు అని వేసింది.

మాది కల్వకుర్తి. రాష్ట్రాలు కలిసిన తర్వాత గోదావరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన తాలూకాఫీసు గుమస్తా ఒకాయన మా పక్కింట్లో కిరాయికి దిగాడు. అక్క ఆయన మేనకోడలు. పుట్టింది యానాంలో. ఆమె బడికి వెళ్లే రోజుల్లో ఆ ఊరు ఇంకా ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉండేది కాబట్టి చదువంతా ఫ్రెంచిలోనే సాగింది. చివరి పరీక్ష పాండిచ్చేరిలో ప్యాసయింది. తల్లి ముందే లేదు, తండ్రీ పోవడంతో మేనమామ పంచన చేరింది. జొన్నలు చెరుగుతూ ఫ్రెంచిలో ఏవో అంకెలు గొణుక్కునేది. “గా పిల్ల నోరు తెరిస్తే పిట్ట కూసినట్టుంటది” అని మా అవ్వ నవ్వేది.

సాయంత్రాలు నాకు లెక్కలు చెప్పేది. ఆ రోజు పదకొండు చూసి నాకు దుఃఖం ఆగలేదు.

“అన్నీ ఒప్పే గదా అక్కా! గిన్నే ఏసినవేంది?”

“ఒప్పే. కానీ ఎలా వచ్చాయో రాయలేదుగా. జవాబుదేముందే, పక్కదాని పలక మీద చూసినా దొరుకుతుంది. దారి నీదై ఉండాలి.”

నేను ఏడుపు ఆపకపోయేసరికి లోపలికి వెళ్లి రేకు పెట్టెలోంచి తన మార్కుల కాగితం తెచ్చి చూపించింది. లెక్కల్లో ఇరవైకి పదమూడు. మిగతావీ ఆ చుట్టుపక్కలే. “నాకంటే రెండే తక్కువ నీకు. మా తరగతిలో అందరికన్నా ఎక్కువ వచ్చింది నాకే తెలుసా?” అంది. అక్కడి పంతుళ్లు ఇరవైకి ఇరవై వేయడమన్నది ఆమె ఎన్నడూ చూడలేదట. పద్నాలుగు వస్తే ఊరంతా చెప్పుకునేవారట. ఫ్రెంచివాళ్లు ఇంత పిసినారులా అనుకున్నాను నేను.

ఆ పిసినారితనమే ఆమె బతుకుకు అడ్డం పడుతుందని అప్పుడు తెలియదు.

అక్కకు గణితం చదవాలని ఉండేది. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం పైదేశాల ఆడపిల్లలకు ఖర్చులన్నీ పెట్టుకుని చదువు చెబుతుందని తెలిసి దరఖాస్తు తెప్పించుకుంది. ఇంగ్లీషు ఆమెకు అంతంతమాత్రం. నా ఇంగ్లీషు వాచకం దగ్గర మొదలుపెట్టి, బడి నుంచి అరువు తెచ్చిన నిఘంటువు అట్టలు ఊడేదాకా చదివింది. మేనమామ చెడ్డవాడేం కాదు. గడువు మాత్రం పెట్టాడు. “వేసవి దాకా చూస్తానమ్మాయ్. అప్పటికీ రాకపోతే ఇక చదువు మాట ఎత్తకు, మా వాడితో ముడిపెట్టేస్తాను.” మా వాడంటే ఆయన కొడుకు, ఆమెకు మేనబావ. వాడు ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు.

మార్కుల కాగితాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఒక బడి పెద్ద చేత ముద్ర వేయించి పంపాలన్నారు. పాండిచ్చేరి వెళ్లే వీలు లేదు. అందుకని మా హెడ్‌మాస్టరు దగ్గరికి నన్ను తోడు తీసుకుని వెళ్లింది. ఆయన కాగితం చూశాడు, దరఖాస్తు చూశాడు. నూటికి ఎనభై అయిదుకు తక్కువ ఉండరాదని అందులోనే ఉంది. పదమూడును నూటికి లెక్కకడితే అరవై అయిదు.

“తొంభై అని రాస్త బిడ్డా,” అన్నాడాయన. “అబద్ధం గాదు. ఫస్టొచ్చిన పిల్లవు, మా తీర్లనైతే నీకు తొంభై పడేటియే.”

“పదమూడనే రాయండి మాస్టారూ. పదమూడంటే ఏమిటో వేరే కాగితం మీద నేను రాస్తాను. దాని మీద కూడా ముద్ర వేయండి.”

“గది ఎవ్వడు చదువుతడు? నాది ఉర్దూ చదువు. సర్కారు మారంగనే నా పరీక్ష సనదును చిత్తుకాగితమోలె చూసిండ్రు. గీ మార్కుల ఎనుక ఏమున్నదో ఒక్కడన్న అడగలె. నువ్వన్న జర తెలివిగ ఉండు.”

అక్క తల అడ్డంగా ఊపింది. ఆయన నిట్టూర్చి, ఆమె చెప్పినట్టే రాసి ముద్ర వేశాడు.

వివరణ రాయడానికి ఆమెకు పది రోజులు పట్టింది. ఫ్రెంచి బళ్లలో ఇరవై అంటే ఏమిటి, పదమూడు ఎందుకు గొప్ప, తరగతిలో ఎంతమందిలో తాను మొదట నిలిచింది, అంతా మెట్టు మెట్టుగా, లెక్క చేసినట్టే రాసింది. ఆ పేజీ దారిలో జారిపోకూడదని మడిచి, తాలూకాఫీసు కట్టల్లాగా మార్కుల కాగితం వెనక పెట్టి దారంతో కట్టాము. విప్పితే తప్ప మడత తెరుచుకోదు. ముడి నేనే వేశాను. సముద్రం దాటాలి కదా అని ఒకటికి రెండు ముళ్లు వేశాను.

ఎండలు ముదిరాక జవాబు వచ్చింది. పంపిన కాగితాలు కూడా తిరిగి వచ్చాయి. అక్క గడపలో నిలబడే చదివింది. నాలుగే వాక్యాలు. మీ సగటు అరవై అయిదు, మాకు కావలసింది ఎనభై అయిదు, విచారిస్తున్నాము. నేను ఉత్తరం వైపు చూడలేదు. కాగితాల వెనక నా రెండు ముళ్లూ వేసినవి వేసినట్టే ఉన్నాయి.

“నా ముడి వల్లనేనా అక్కా?”

“కాదే. విప్పాలనుకున్నవాళ్లకు ముడి ఎంత!”

నన్ను ఓదార్చడానికి అందో, నిజమనే అందో, నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముడిని ఆమె కూడా విప్పలేదు. అలాగే పెట్టెలో పెట్టింది. ఆ వేసవిలోనే పెళ్లయింది. తర్వాత మేనమామకు మళ్లీ బదిలీ వచ్చి అందరూ వెళ్లిపోయారు. వెళ్లేలోగా ఆమె నాకు ఒక్క లెక్క కూడా ఇవ్వలేదు. జొన్నలు చెరుగుతున్నప్పుడు నోట అంకెలు వినిపించలేదు. మళ్లీ ఆమెను చూడలేదు.

సత్యం చివరికి గెలుస్తుందని బడి గోడల మీద రాయిస్తారు. నేను చూసిన సత్యం గెలవలేదు. దాన్ని ఎవరూ కనీసం విప్పి చదవనైనా లేదు. హెడ్‌మాస్టరు చెప్పిన తొంభై పంపి ఉంటే ఆమె వెళ్లేదేమో. ఈ మాటను నేను ఎన్నో ఏళ్లు తిప్పి తిప్పి చూశాను, ఊరట ఎక్కడా దొరకలేదు. దొరికిందని చెప్పి మిమ్మల్ని మోసం చేయను.

పెళ్లిపందిట్లో మా అవ్వ కళ్లు తుడుచుకుంటూ, “నొసటి రాత బిడ్డా, ఎవ్వలేం జేస్తరు” అంది. చుట్టూ ఉన్నవాళ్లంతా తల ఊపారు. నాకు ఒళ్లు మండింది. నొసటి మీద ఎవరూ ఏమీ రాయలేదు. ఎక్కడో ఒక మనిషి బల్ల ముందు కూర్చుని, ఒక దారం విప్పే ఓపిక లేక, ఒక అంకెను ఇంకో అంకెతో పోల్చి పక్కన పడేశాడు. ఇక్కడ ఇంకో మనిషి గడువు పెట్టాడు. ఇద్దరికీ పేర్లున్నాయి, చేతులున్నాయి.

పెద్దయ్యాక నేను మాట్లాడిన ఎన్నో సభల్లో కర్మ గురించి, ప్రాప్తం గురించి పెద్దలు నాతో వాదించారు. తెల్లటి గడ్డాలు, గంభీరమైన గొంతులు. వాళ్లు మాట్లాడుతుంటే నాకు ఎర్ర సిరా పదకొండు కనబడేది. ‘రాసిపెట్టి ఉంది’ అన్నది దారి చూపించని జవాబు. ఏ మెట్టు మీద ఎవరు ఎవరిని తోశారో రాయమంటాను. రాయలేకపోతే ఇరవైకి ఒక్క మార్కు కూడా వేయను. ఆ విషయంలో నేను అక్క కంటే పిసినారిని.