షట్టర్ దగ్గర ఆగిపోయిన శవాల సినిమా

మా ఊరి కమ్యూనిటీ హాలు షట్టర్ దించి తాళం వేసింది ఎవరో కాదు, హాలు కమిటీ పెద్ద సుబ్బారావు గారే. ఆదివారం సినిమా వేసుకోమని మాట ఇచ్చిందీ ఆయనే, అది చచ్చినవాళ్ళు లేచి తిరిగే పాత సినిమా అని తెలియగానే మాట తప్పిందీ ఆయనే. పెళ్ళిళ్ళు జరిగే హాలులో శవాల బొమ్మలు అశుభమట...

అయితే ఈ కథ మీరు వినాల్సిందే.

మా చిన్నప్పుడు... దాళ్వా, అంటే ఎండాకాలం రెండో పంట, కోతల రోజులు. గుండుగొలను నుంచి కొల్లేరు వైపు దిగితే మా ఊరు. పొద్దున్నే కళ్ళాల్లో ధాన్యం ఎండకి పరిచేవారు, సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ బరకాలు కప్పేవారు. అంటే మధ్యాహ్నం పూట ఊళ్ళో బరకాలన్నీ ఖాళీ. అది కనిపెట్టినవాడు మా సూర్యం బాబాయి. తాడేపల్లిగూడెంలో సీడీల కొట్టు నడిపేవాడు. ఇంటింటికీ తిరిగి బరకాలు అడిగి తెచ్చి, చేపల చెరువు గట్టు మీదున్న వలల షెడ్డు చుట్టూ కట్టేవాడు. మిట్టమధ్యాహ్నం లోపల చీకటి! ఒక డబ్బా టీవీ, ఒక డెక్కు... అదే మా థియేటర్.

కొట్లో ఎవరూ అడగని సీడీలే మాకు దక్కేవి. అన్నీ చచ్చి లేచినవాళ్ళ సినిమాలు. ఎక్కడివో, ఎవరు తీశారో తెలియదు. తెలుగు మాటలు మాత్రం పెట్టారు. రక్తం మందారప్పువ్వు రంగులో ఉండేది. పేగులు మాంసం కొట్టువే అని పిల్లలకి కూడా తెలిసిపోయేది. ఒకే మనిషి చొక్కా మార్చుకుని వచ్చి మళ్ళీ చచ్చేవాడు... వాడు కనబడగానే షెడ్డంతా ఈలలు. పాపం డబ్బుల్లేవు వాళ్ళ దగ్గర. చుట్టుపక్కలవాళ్ళని పిలిచి, మొహాలకి రంగు పూసి, నడవమన్నట్టున్నారు. అందుకే మాకు వాళ్ళు మావాళ్ళలాగే ఉండేవారు.

నాకు ఊహ వచ్చాక కరపత్రాలు చదివాను, ఐక్యత గురించి పేజీలకి పేజీలు. కానీ అది నాకు మొదట నేర్పింది ఆ సినిమాలే. పెద్ద హీరో సినిమాలో ఒక్కడి కోసం వందమంది గాల్లోకి ఎగిరి పడతారు. వీటిలో ఒక్కడికీ పేరు లేదు, గుంపే హీరో. కుంటుకుంటూ, ఒకరినొకరు రాసుకుంటూ, ఆగకుండా వస్తారు. ఎంతమందిని పడగొట్టినా వస్తూనే ఉంటారు... కత్తితో వందమందిని నరికే హీరో కటౌట్‌కి పాలు పోసే ఊళ్ళో, మాంసం కొట్టు పేగులు అశుభం ఎలా అయ్యాయి?

ఇక సినిమా సగంలో ఆగిపోయిన ఆ రోజు సంగతి. సినిమా చివరికొచ్చింది. ఒక పిల్ల కొట్లో దాక్కుంది. షట్టర్ సగం దించింది. కింద సందులోంచి చేతులు, చేతులు... వాటిలో ఒక చేతికి ఆ పిల్ల తమ్ముడి వాచీ. దించుతుందా, ఎత్తుతుందా?

సరిగ్గా అప్పుడే బయట్నుంచి, కళ్ళం దగ్గర కాపలా ఉన్న నరసమ్మగారి గొంతు. "ఓరి మీ దుంపలు తెగ... మబ్బు నెత్తి మీదకొచ్చిందర్రా!"

చీకటి కోసం మేం కట్టిన బరకాలే మబ్బుని మాకు కనపడకుండా చేశాయి. ఊళ్ళో ధాన్యమంతా ఆకాశం కింద పరిచి ఉంది. దాన్ని కప్పాల్సిన బరకాలన్నీ మా సినిమా చుట్టూ ఉన్నాయి.

తాళ్ళు విప్పే ఓపిక ఎవరికి? లాగేశాం. వెలుగు పడి టీవీలో బొమ్మ మాయమైంది. జనమంతా బరకాలు ఈడ్చుకుంటూ పరుగు. ఎవరి బరకం ఎవరిదో చూసుకోలేదు, ముందు ఏ కళ్ళం వస్తే అది కప్పాం. అలా మొదట కప్పింది సుబ్బారావు గారి నాన్నగారి కళ్ళమే. ఆఖరి కొస లాగేసరికి చినుకులు మొదలయ్యాయి.

తర్వాత నెత్తిన నూగు, ఒంటిన బురద, ముళ్ళు గుచ్చుకున్న కాళ్ళతో కుంటుకుంటూ అందరం వెనక్కి వస్తుంటే నరసమ్మగారు చూసి, "ఆ సినిమావోళ్ళకి రంగెందుకర్రా దండగ, మిమ్మల్ని పిలిస్తే సరిపోయేది" అన్నారు.

డెక్కు వానకి తడిసి పాడైపోయింది. ఆ పిల్ల ఏం చేసిందో ఈనాటికీ మా ఊళ్ళో ఎవరికీ తెలియదు.

చూస్తే అందరం కలిసే చూడాలని, ఆ సీడీని బాబాయి మళ్ళీ వెయ్యకుండా పాత లుంగీలో చుట్టి దాచాడు. మొన్న ఏలూరులో ఒక డెక్కు బాగుచేయించి తెచ్చాడు. చిన్నపిల్లాడిలా ఉన్నాడు ఆయన. ఆ ఆనందానికే తాళం పడింది. హాలు మెట్ల దగ్గర బాబాయి ఒక్కటే అడిగాడు. "ఆ రోజు ముందు బల్ల మీద కూర్చుని ఈలేసింది తమరే కదండీ?"

సుబ్బారావు గారు తాళంచెవి జేబులో వేసుకుని, "వయసులో లక్షా తొంభై చేస్తామండీ" అని వెళ్ళిపోయారు.

వయసులో చేసిన మంచిపని అదొక్కటేమో, ఆలోచించుకోండి సుబ్బారావు గారూ. మీ ఇంటి ధాన్యాన్ని కాపాడింది ఆ శవాల సినిమా జనమే!

మిత్రులారా, అప్పట్లో బరకాలు ఖాళీగా ఉండేది ఆ మధ్యాహ్నం కాసేపే. ఇప్పుడు కోత మిషన్ నుంచే ధాన్యం లారీ ఎక్కేస్తోంది, చాలా ఇళ్ళలో బరకాలు ఏడాదంతా ఖాళీ... మనుషులకే ఖాళీ లేదు. ఎవరి ఫోన్‌లో వాళ్ళం షట్టర్ దించుకున్నాం.

హాలు అక్కర్లేదు. వలల షెడ్డు ఇంకా నిలబడే ఉంది. ఈ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి అక్కడికి రండి. ఇంటికో బరకం తెచ్చుకోండి. రాలేనివాళ్ళు మీ ఊళ్ళో సగంలో ఆగిన సినిమా ఏదో, ఎందుకు ఆగిందో కింద రాయండి, అక్కడ అందరికీ చదివి వినిపిస్తాను.

సుబ్బారావు గారూ, మీరూ రండి. ముందు బల్ల మీదే.

ఈసారి మబ్బు కనిపెట్టడానికి ఒకరం బయట కూర్చుంటాం, వంతులు వేసుకుని. ఆఖరి వంతు, ఆ షట్టర్ సీను వచ్చే వేళకి, నాది. ఆ పిల్ల దించిందో, ఎత్తిందో... లోపల మీ కేకల్ని బట్టి నాకు తెలిసిపోవాలి.