లక్ష రూపాయల అద్దాలు, మా సానబల్ల

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున అంగడి షట్టర్ ఎత్తుతూనే మా మనవరాలు నాతో అంది. "నానమ్మా, ఆ బల్ల తీసేద్దాం. తియ్యనంటే చెప్పు, నేను మాల్‌ల ఉద్యోగానికి పోత. రెండిట్ల ఒకటి."

ఆ బల్ల మా కళ్ళద్దాల అంగడిలో వెనక మూలన ఉంటుంది. దాని మీద తిరిగే సానరాయి, పక్కన నీళ్ళ గిన్నె. గుండ్రంగా వచ్చిన నంబరు అద్దాన్ని ఫ్రేములో కూర్చునేలా అంచులు అరగదీసేది దాని మీదే. పెళ్ళయిన మూడో ఏటి నుంచి ఆ బల్ల ముందు కూర్చున్నది నేను. మా ఆయన ముందుండి కళ్ళు చూసేవాడు, మాటలు చెప్పేవాడు. నేను తెర వెనక అరగదీసేదాన్ని. ఆడమనిషి చేసిన పని అని తెలిస్తే మా కార్ఖానా బస్తీలో గిరాకీ పడిపోతుందని ఆయన భయం. ఆయన పోయాక తెర తీసి పక్కన పడేశాను. గిరాకీ ఎక్కడికీ పోలేదు.

నా చదువు నాలుగో తరగతితో ఆగింది. కొడుక్కి ఆఫీసు ఉద్యోగం, అంగడి మీద మనసు లేదు. వాడి కూతురు మాత్రం కళ్ళ పరీక్షల చదువే చదివి, రెండేళ్ళుగా మా ముందు కుర్చీలో కూర్చుంటోంది. ఆ పిల్ల పోతే ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళు ఇంకెవరూ లేరు. అందుకే ఆ మాట వినగానే నేను అరవలేదు. దేనికి తీయాలని అడిగాను.

"గాలిల అక్షరాలు కనవడే అద్దాలొచ్చినయ్ నానమ్మా. పెట్టుకుంటే దారి చూపిస్తయ్, మెసేజ్ చూపిస్తయ్, ఎదుటోళ్ళ మాట రాసి చూపిస్తయ్. మనకు డీలర్‌షిప్ ఇస్తరంట. వేరే కౌంటర్ కావాలె, లైట్లు కావాలె. మనకున్న జాగ ఆ మూలనే. అరగదియ్యనీకె మిషన్ ఉన్నది గద."

మిషను ఉంది. మూడేళ్ళ కింద, ఇంకా చదువుకుంటున్నప్పుడే ఈ పిల్ల కొనిపించింది. మామూలు ఫ్రేముల అద్దాలన్నీ ఇప్పుడు అదే కోస్తుంది. బల్ల మీదికి వచ్చే పని వారానికి ఒకటో రెండో. ఆ పిల్ల చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

మూడోనాడు కంపెనీ తరఫున ఒకామె వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నల్ల సంచీ, చల్లని మాట. కూర్చోగానే అడిగింది. "అమ్మా, మీకు సైట్ ఉందా?"

"ఉంది" అన్నాను. "దూరానికి ఉంది, దగ్గరికి ఉంది. చత్వారం వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది."

మనవరాలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "వెబ్‌సైట్ అడుగుతున్నరు నానమ్మా."

"కండ్లద్దాల అంగట్ల కూసొని సైటంటే ఇంకేమనుకోవాలె?" అన్నాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత పెట్టె తెరిచి ఆ అద్దాలు నాకు పెట్టింది. కాడలు నా బొటనవేలంత లావు. ఎదురుగా గోడ మీది క్యాలెండరు ముందు గాలిలో పచ్చటి అక్షరాలు నిలబడ్డాయి. ఆమె మాట్లాడుతుంటే ఆ మాటలే వరసగా రాసుకుంటూ పోతున్నాయి. నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే మనిషిని. మొదటి మాట పూర్తి చేసేలోగా మూడో వరస వచ్చేసింది.

"నీ అద్దాలకు నాకన్న తొందర ఎక్కువున్నదమ్మా" అని తీసి ఇచ్చాను. ధర అడిగాను. లక్షకు ఒక పదివేలు తక్కువ.

ఒక మాట ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ అద్దాలు కొత్తగా వచ్చినప్పుడు మేమిద్దరం నవ్వాం. గీతలు పడే అద్దానికి ఎవరు డబ్బిస్తారని మా ఆయన ఒక్క జత కూడా తెప్పించలేదు. కొన్నేళ్ళు తిరగకుండానే గాజు అడిగేవాడే లేకుండా పోయాడు. ఆ దెబ్బ నాకు గుర్తుంది. కాబట్టి ఈసారి నవ్వకూడదని, కళ్ళతో చూసి తేల్చుకోవాలని గట్టిగా అనుకున్నాను.

"పది రోజులు ఒక జత ఈడ పెట్టుండ్రి" అన్నాను ఆమెతో. మనవరాలి వైపు తిరిగి చెప్పాను. "పది రోజుల్ల ముగ్గురు అడ్వాన్సు ఇస్తే బల్ల నేనే పీకేస్త. ఇయ్యకుంటే బల్ల ఉంటది, నువ్వు సుత ఉంటవ్."

"బల్ల సంగతి నీ ఇష్టం. నేనుండుడు నీ షరతుల లేదు. అది నేను చూసుకుంట" అంది. నా నోట వచ్చినట్టే ఉంది ఆ మాట.

పది రోజులూ నేను బల్ల దగ్గర కూర్చోలేదు. స్టూలు తెచ్చుకుని ముందు కూర్చున్నాను. మా పనిలో ఒక గుర్తు ఉంది. ఫ్రేము పెట్టుకున్న మనిషి వెంటనే అద్దంలో తన మొహం చూసుకుంటే కొంటాడు. ఎటో చూసి తీసేస్తే కొనడు. రెండోది, కొన్న మనిషి రోజూ పెట్టుకోవాలంటే ముక్కు ఆ బరువును మరిచిపోవాలి. ముక్కు మరవని అద్దాలు డబ్బీలోనే ఉండిపోతాయి.

యాప్రాల్ నుంచి సాఫ్ట్‌వేర్ పని చేసే ఆయన భార్యతో వచ్చాడు. పెట్టుకుని గాలిలో చేయి అటూ ఇటూ తిప్పాడు.

"దోమలు కొడ్తున్నవా?" అంది ఆమె.

"మెసేజ్ జరుపుతున్న."

"ఇంట్లనే నా మొఖం దిక్కు చూడవ్. ఇంక గిది పెట్టుకుంటే నువ్వేం చూస్తున్నవో నాకేం తెలుస్తది? పెట్టెయ్ ఆడ."

పెట్టేశాడు. కాలేజీ అమ్మాయిలు నలుగురు వచ్చి ఒక్కొక్కరూ పెట్టుకుని ఫొటోలు దిగి, మంచినీళ్ళు తాగి వెళ్ళారు. పార్సిళ్ళు పంచే ఆయన దారి చూపిస్తాయంటే ఆశగా పెట్టుకున్నాడు. పైన హెల్మెట్ దిగలేదు. "పోలీసోళ్ళకేమో హెల్మెట్ కావాలె, దీనికేమో వద్దు. నేనెవరి మాట వినాలె అమ్మా?" అని నవ్వుతూ పోయాడు. మారేడ్‌పల్లి నుంచి వచ్చే మిలిటరీ పెన్షన్ ఆయన అన్నీ వివరంగా అడిగాడు. కాగితం మీద రాసుకున్నాడు. తీశాక మాత్రం చాలాసేపు ముక్కు రుద్దుకున్నాడు. చెమటకు కాడలు జారుతున్నాయి. ఏడు రోజుల్లో ఒక్కరూ మొహం చూసుకునే అద్దం అడగలేదు.

మనవరాలు అందరికీ ఓపికగా చూపించేది. సాయంత్రానికి గొంతు బొంగురుపోయేది. ఒకరోజు మాల్ వాళ్ళు ఫోన్ చేసి ఎప్పుడు చేరతావని అడిగారు. "నాలుగు రోజుల్ల చెప్త" అంది నాకు వినపడేలా.

ఎనిమిదో రోజు మా వెనక గల్లీలోని టైలర్ మాస్టర్ వచ్చాడు. ముసల్మాను, నాకంటే రెండు మూడేళ్ళు చిన్న. ముప్పై ఏళ్ళుగా నా జాకెట్లు కుట్టేది ఆయనే. కొన్నేళ్ళుగా చెవులు మందగించాయి. చెవి మిషను పెడితే కూస్తుందని తీసి పెట్టెలో పెట్టాడు. గిరాకీ చెప్పింది వినబడక తల ఊపుతాడు, తోచినట్టు కుడతాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరూ వేరే టైలర్ల దగ్గరికి పోతున్నారు. ఆ రోజు తన అద్దాల మర బిగించమని వచ్చాడు.

మనవరాలు ఆ అద్దాలు ఆయన చేతికిచ్చి సైగ చేసింది. తనవి తీసి అవి పెట్టుకున్నాడు. నేను గట్టిగా అన్నాను. "మాస్టరూ, ఏమన్న కనవడుతున్నదా?"

"పచ్చపురుగులు పాకుతున్నయ్ అక్కా" అన్నాడు.

ఆయనకు నంబరు చాలా ఎక్కువ. ఈ అద్దాలకు నంబరు లేదు. మనవరాలు కంపెనీ ఆమెకు ఫోన్ చేసింది. నంబరు అద్దం బయటి దేశం నుంచి రావాలి, ఆరు వారాలు పడుతుంది, డబ్బు వేరే అని చెప్పింది. మాస్టర్ తనవి పెట్టుకుని లేవబోయాడు. నేను కూర్చోమన్నాను. పెట్టె అడుగున సన్నటి చిన్న ఫ్రేము ఒకటి కనిపించింది, లోపల అద్దం లేకుండా.

"గిదేంది, ఖాళీగ?"

"నంబరు అద్దం దీంట్ల కూసొవెట్టి లోపల తగిలిస్తరు నానమ్మా."

"అయితే మనమే కూసొవెడ్దం."

మనవరాలు కొలత చూద్దామని ఒక పాత అద్దం మిషనులో పెట్టింది. ఇంత చిన్న కొలత చేయనని మిషను ఎర్ర అక్షరాలు చూపించింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ అదే. ఇద్దరం బల్ల వైపు చూశాం.

నేను కూర్చున్నాను. కానీ నిజం చెప్పాలి, ఆ సన్నపు పనికి నా వేళ్ళు ఇప్పుడు నిలబడవు. రెండుసార్లు పట్టు జారింది. లేచి కుర్చీ చూపించాను. "నువ్వు కూసో."

"నాకు రాదు నానమ్మా."

"రాదని ఎరుకే. కూసో."

ముందు వాడకానికి రాని పాత అద్దాల మీద నేర్పాను. సాన మీద అద్దాన్ని అదమకూడదు, ఆనించాలి. చప్పుడు గరగరమంటే నీళ్ళు తక్కువ, సన్నగా వస్తే సరిగ్గా ఉన్నట్టు. చెబుతుంటే నాకే తెలిసింది, ఇన్నేళ్ళలో ఇవి ఎవరికీ చెప్పలేదని. తొమ్మిదో రోజు మాస్టర్ నంబరు అద్దాలు రెండు జతలు తెప్పించాం. మొదటిది ఒకవైపు ఎక్కువ అరిగింది. రెండోదాని అంచు చిట్లింది.

"ఇంకొకటి పోతే నీ జీతంల పట్టుకుంట" అన్నాను.

"జీతం ఇస్తున్నవా నువ్వు?" అంది తల ఎత్తకుండా.

మూడోదీ నాలుగోదీ టక్కున కూర్చున్నాయి. పదో రోజు పొద్దున మాస్టర్‌ను పిలిపించాం. పెట్టుకున్నాడు. ఈసారి కళ్ళు ఒకచోట నిలిచాయి. నేను జాకెట్ గురించే చెప్పాను. "చంకల కాడ జెర వదులు చెయ్యి మాస్టరూ."

ఆయన నెమ్మదిగా చదివాడు. "వంకాయల కాడ జ్వరం వదులు... అక్కా, వంకాయకు జ్వరమొచ్చుడేంది?"

మనవరాలు నవ్వు ఆపుకుని పుస్తకంలో ఉన్నట్టు చెప్పింది. "చంకల దగ్గర కొంచెం వదులుగా కుట్టండి." అది తప్పు లేకుండా వచ్చింది.

"గట్ల వార్తలు చదివినట్టు మాట్లాడే గిరాకీ నాకెవరున్నరు బిడ్డా?" అన్నాడు. అయినా తీయలేదు. ఒక గంట తన దుకాణంలో పెట్టుకుంటానని అడిగాడు. మనవరాలు వెంట వెళ్ళింది. తిరిగొచ్చాక స్టూలు మీద కూర్చుని ముక్కు రుద్దుకుంటూ చెప్పాడు. "పది మాటల్ల ఆరు సరిగొచ్చినయ్. ఆరు మాటలు చాన దినాల సంది నాకు రాలే అక్కా."

"కొంటవా మరి?"

"నా కుట్టు మిషన్లన్ని అమ్మినా ఆ పైసలు రావు. సగం రేటు కానియ్, మన మాట నేర్చుకోనియ్. అప్పుడు మొదటి జత నాదే. ఇప్పుడైతే అడ్వాన్సు అడగకు, దోస్తీ పోతది."

ఆ సాయంత్రం కంపెనీ ఆమె వచ్చింది. ఒక్క అడ్వాన్సూ లేదని చెప్పాను. నేను చూసింది చూసినట్టు చెప్పాను. డబ్బున్నవాళ్ళు దీంతో ఆడుకుని పెట్టేస్తున్నారు. అవసరమున్నవాళ్ళ దగ్గర అంత డబ్బు లేదు. బరువు తగ్గాలి, ధర తగ్గాలి, జెర అంటే జ్వరం అని రాయకూడదు. అప్పుడు అమ్మమని మీరు బతిమాలక్కర్లేదు, జనమే వచ్చి అడుగుతారు. అంతదాకా నేను బల్ల తీయను.

ఆమె తల ఊపింది. కొనేవాళ్ళు ఇప్పటికి ఆన్‌లైన్లోనే కొంటున్నారంది.

మనవరాలు ముందుకు జరిగి అడిగింది. "కొన్నోళ్ళు నంబరు ఎట్ల ఏపిచ్చుకుంటున్నరు మేడం?"

"అదే ప్రాబ్లెం. ఆరు వారాలు ఆగలేక కొంతమంది వాపస్ చేస్తున్నారు."

"మా కాడికి పంపుండ్రి. రెండు రోజుల్ల చేసిస్త. కౌంటర్ వద్దు, డీలర్‌షిప్ వద్దు. ఖాళీ ఫ్రేములు మాత్రం ఒక డజను ఇయ్యుండ్రి, చెయ్యి తిరగాలె."

ఆమె ఒప్పుకుని వెళ్ళింది. నేను ఆ పిల్లను ఉండమని అడగలేదు. అడిగితే పోతుందని నాకు తెలుసు. ఫోన్ తీసి మాల్ వాళ్ళకు రానని తనే చెప్పింది. తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది.

"నేనుంటున్నది నీ షరతు గెలిచినవని కాదు."

"నాకెరుకే."

"బల్ల మీద కొత్త లైటు కావాలె. బోర్డు మీద ఏ అద్దానికైనా నంబరు వేయబడును అని రాయాలె. ఆ కుర్చీ సుత మార్చాలె, నడుం విరుగుతున్నది."

"లైటు కొంట. బోర్డు రాపిస్త. ఆ కుర్చీ మీద నేను యాభై ఏండ్లు కూసున్న."

"అందుకే నీ నడుం గట్లున్నది. కుర్చీ సుత, నానమ్మా."

మర్నాడు అంగడి తెరవకముందే ఇద్దరం ఆటో ఎక్కి కుర్చీ కొనడానికి పోయాం. బేరం మాత్రం నేనే చేశాను.