స్క్రాంబుల్-పాస్

ఆ రోజుల్లో సూరత్‌లో మనిషికి పేరుకన్నా పాస్ ముఖ్యం. కరోనా లాక్‌డౌన్, వీధికో వెదురు అడ్డు, అడ్డుకో లాఠీ. ఆల్థాన్‌లోని మా ఫ్లాట్‌లో ఆఫీసు పని చేస్తున్నట్టు నటిస్తూ, పక్క గదిలో మా అమ్మాయి ఆన్‌లైన్ పాఠాన్ని దొంగచాటుగా వినేవాణ్ణి. (ఇద్దరిలో ఎక్కువ నేర్చుకున్నది నేనే.) కణం చుట్టూ ఉండే పొరలో కొవ్వు అణువులు రెండు వరుసల్లో ఉంటాయట. వాటి తలకు నీళ్లిష్టం, తోకకు నూనె ఇష్టం. మధ్యనున్న నూనెలోంచి తల దూరలేదు కాబట్టి ఈ వరుసలోది ఆ వరుసకు సొంతంగా పోలేదు, ప్రోటీన్లు దాటించాలి. ఫ్లిప్పేస్ లోపలికి, ఫ్లాప్పేస్ బయటికి. ఈ రెండూ ఏటీపీ అనే ఇంధనాన్ని ఖర్చుపెడతాయి. స్క్రాంబ్లేస్ మాత్రం అటూ ఇటూ, ఆ ఖర్చు లేకుండానే దాటిస్తుంది.

సరిగ్గా అప్పుడే, సూరత్‌లోనే అవతలి వైపున్న నవాగామ్ నుంచి మా బావ ఫోన్. పవర్‌లూమ్‌లు ఆగిపోయి ఇంట్లో కూర్చున్నాడు. ఆయన కూతురు మా ఇంటి దగ్గరి ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది.

"బామ్మర్దీ, మనుమరాలిని జర సూడాలె. ఏదన్న పాస్ ఇప్పియ్యరాదు?"

నా నాలుక ఊరుకుంటుందా! "మూడు రకాలున్నయి బావా. ఫ్లిప్-పాస్ లోపలికి, ఫ్లాప్-పాస్ బయటికి." (పేస్‌ను పాస్ చేసిన ఘనత నాదే.) "రెండిటికీ ఏటీపీ ఇయ్యాలె."

"ఏటీపీ అంటె చాయ్‌పానీ లంచమా?"

"అదే అనుకో. స్క్రాంబుల్-పాస్‌కైతే ఏమొద్దు. రెండు దిక్కులా చెల్లుతది. కాగితం గూడ ఉండది, పేరు చెప్పుడే."

నవ్వుతాడని ఆగాను. ఫోన్ పెట్టేశాడు. తిరిగి చేస్తే ఎత్తలేదు.

"మామయ్యను లాఠీతో కొడితే నువ్వు మోసుకొస్తావా డాడీ?" అంది మా అమ్మాయి. నేను మళ్లీ ఫోన్ అందుకున్నాను.

సాయంత్రానికి మా గేటు ముందు బావ! చెమటలు కారుతున్నాయి గాని మనిషి చెక్కుచెదరలేదు. అద్దంలోంచి పిల్లను చూసే వచ్చాడట.

"'స్క్రాంబుల్-పాస్ హై సాబ్, ఇధర్ సే ఉధర్, ఉధర్ సే ఇధర్' అన్న. పోలీసాయన పక్కాయన దిక్కు సూసి 'నయా ఆయా క్యా?' అన్నడు. తెల్వదని ఆయనెట్ల ఒప్పుకుంటడు? 'హా, నయా హై' అన్నడు. 'జావో కాకా, మాస్క్ ఊపర్ కరో' అని ఇడిసిపెట్టిండ్రు!"

అప్పట్నుంచి ఏ శుభకార్యమైనా "మా బామ్మర్ది పలుకుబడి" అంటూ తొలి లడ్డూ నాకే. సిగ్గులేకుండా తిన్నాను. ఇప్పుడు చెప్తున్నాను, నాకు ఏ పలుకుబడీ లేదు. అంత దూరం నడిపించిన ఏటీపీ ఆయన కాళ్లదే. సోఫాలో కూర్చుని నాలుక దురద తీర్చుకున్న ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది, దాని వెనకే చిన్న వణుకూ వస్తుంది.

మొన్న బావకూ చెప్పేశాను, అది పాస్ కాదు, మన ఒంట్లోని ప్రోటీనని. మనుమరాలికి జడ వేస్తున్న ఆయన తలైనా ఎత్తలేదు.

"ఏదైతేంది బామ్మర్దీ? దాటిచ్చింది గద!"