ఏడో పాఠం

లాడ్జి కౌంటరులో కూర్చునే గుమాస్తా టై ముడి తడుముకుని, గొంతు సవరించుకుని, చూపు పైకప్పుకి అప్పగించాడంటే ఇంగ్లీషు రాబోతోందన్నమాట. హోటల్ ఇంగ్లీషు పుస్తకంలో ఏడో పాఠం ఒక్కటే ఆయనకు కంఠతా వచ్చు. మధ్యలో ఎవరైనా ఆపితే మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవలసిందే. ఇంట్లో భార్య తలుపు తీసినా "వెల్‌కమ్ సర్" అనేస్తాడు.

"విదేశీ అతిథి వస్తున్నాడు. తడబడ్డావో, రేపట్నుంచి నిన్ను దుప్పట్ల గదిలో వేస్తా" అన్నాడు యజమాని. అతిథి రాగానే గుమాస్తా సముద్రం కనిపించే గది, లిఫ్టు, స్విమ్మింగ్‌పూలు అంటూ పాఠమంతా పొల్లుపోకుండా ఒప్పజెప్పాడు. అతిథి మొహం చాటంత చేసుకుని మెట్లెక్కాడు.

ఇంగ్లీషు ముక్క రాని యజమాని పొంగిపోయాడు. "భలే దంచావయ్యా. ఇంతకీ ఏం చెప్పావు?"

"పాఠంలో ఉన్నవన్నీ చెప్పానండి."

పది నిమిషాలకి అతిథి భుజాన తువ్వాలుతో దిగివచ్చి, స్విమ్మింగ్‌పూలు ఎక్కడని అడిగాడు. ఆ ప్రశ్న పాఠంలో లేదు. యజమాని ఇంకా పక్కనే నిలబడి మురిసిపోతున్నాడు. గుమాస్తా తడబడలేదు. చిరునవ్వు చెదరనివ్వకుండా వాచ్‌మన్‌ని దగ్గరికి పిలిచి, "మామా, దొరగారిని మేడమీదికి తీసుకెళ్లి వాటర్ ట్యాంకు మూత తియ్యి" అన్నాడు.