మైకు ఊడదీసిన నర్సమ్మ

శుక్రవారం. తెల్లవారినప్పటి నుంచి మబ్బు, గాలి లేదు. జనరేటర్ ఎయిర్‌ఫిల్టరు దులిపి బిగించాను. రోజూ నోటుబుక్కులో రాసుకునే పద్ధతిలో ఇంతవరకు రాశాక, పక్కింటి నర్సమ్మ నిద్రలోనే పోయిందని కబురు వచ్చింది. ఆ పేజీలో మరేమీ రాయలేదు. సంఘం పత్రికకు నాలుగు మాటలు రాయమని పాస్టరుగారు అడిగితే ఇప్పుడు కలం పట్టుకున్నాను. నేను బడికి పోయింది మూడేళ్ళే. తప్పులుంటే మన్నించండి.

ఆమె మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో కాన్పుల గదిలో పనిచేసి రిటైరైంది. ఆ తర్వాత కూడా, పూలు కోయాలన్నా ముందు మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. ఎదురుపడినవాళ్ళ పేరు మరిచిపోయేది గానీ, పుట్టినప్పుడు ఎట్లా ఏడ్చారో చెప్పేది. ఒక వకీలును నడిరోడ్డులో నిలబెట్టి, "నువ్వు పుట్టినప్పుడు ఏడ్సనే ల్యా. రెండు దెబ్బలేస్తేగానీ నోరు తెరవల్యా. ఇప్పుడు సూడు, మూసేవాళ్ళు ల్యారు" అంది. ఆయన నల్లకోటులోనే సిగ్గుపడ్డాడు.

ఆ చేతుల్లో పుట్టిన ఒకమ్మాయి సినిమా హీరోయిన్ అయింది. ఆమె నిద్రలేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తుందో చూపించే సిరీస్ ఒకటి టీవీలో వస్తుంది. పోయిన ఏడాది, ఆమె పుట్టిన ఊరు చూపించాలని ఆ బృందం మదనపల్లె వచ్చింది. నర్సమ్మ ఇంట్లో షూటింగు. కరెంటును నమ్మలేక నేను అద్దెకిచ్చే జనరేటర్ పెట్టించారు. సౌండుకు అడ్డమంటే ఫ్యాను నేనే ఆపాను.

పుట్టిన రోజు సంగతులు నర్సమ్మ చెప్పాలి, ఆ పిల్ల నవ్వాలి. అనుకున్నది అంతే. ఆ పిల్ల నవ్వబోయి, ఉన్నట్టుండి ముసలామె ఒళ్ళో తల పెట్టుకుంది. కన్నతల్లికి కూడా చెప్పలేదంటూ చిన్నగా ఒక మాట చెప్పింది. స్విచ్చుబోర్డు పక్కన ఉన్న నాకు వినపడింది. దాన్ని ఇక్కడ రాయను. టీవీలో వస్తే జనం ఆ పిల్లను బతకనివ్వరని మాత్రం నాకూ అర్థమైంది.

నర్సమ్మ చూపు ఆ పిల్ల మెడ దగ్గర మైకు మీద పడింది.

"ఇది ఇంటా ఉండాదా?"

గుమ్మంలో ఉన్న డైరెక్టరుకు మాట వినపడలేదు, రికార్డయిందని మాత్రం తెలుసు. "వింటోందమ్మగారూ. అద్భుతంగా ఉంది, అలాగే ఉండండి" అన్నాడు.

ఆమె పిల్ల గడ్డం పట్టుకుంది. "నువ్వు సెప్పింది అందురూ ఇనేది నీకిష్టమేనా పాపా?"

పిల్ల అడ్డంగా తలూపింది.

నర్సమ్మ మైకు ఊడదీసి నా చేతిలో పెట్టింది. "పట్టుకోప్పా. తేలుపిల్ల మాదిరి ఉండాది." లేచి నిలబడి, కాన్పుల గదిలో ఏళ్ళ తరబడి చెప్పిన మాటే చెప్పింది. "మొగోళ్ళంతా బయటికి నడవండి."

"అమ్మగారూ, జనం ఏడ్చేది ఇలాంటి చోటే..."

"ఏడ్సేదానికి వాళ్ళిండ్లల్లో ఏడుపులు ల్యావా నాయనా? నడువు."

పుంగనూరులో పెద్ద పెద్ద సభలకు నా జనరేటర్ పెట్టాను. అన్ని స్పీకర్లున్నా కదలని జనాన్ని చూశాను. ఇక్కడ గొంతు పెంచని ఒక్క మాటకు ఇరవైమంది వాకిట్లోకి వచ్చేశారు. అందరికంటే ముందు డైరెక్టరే. చేతిలో మైకుతో నేనూ.

తలుపు మూసుకుంది. చాలాసేపటికి నర్సమ్మ నూనె చేతులు తుడుచుకుంటూ వచ్చి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని అరుగు మీద కూర్చున్న సౌండు ఆయన ముందు నిలబడింది. నెరిసిన తల ఆయనది. ఆ మాట ఉన్నది ఆయన మిషన్‌లోనే.

"నీకు ఇనపడిందా నాయనా?"

డైరెక్టరూ ఆయన వైపే చూస్తున్నాడు. ఆయన ఆమె ముఖం చూశాడు. మిషన్ మీద ఏవో రెండు బటన్లు నొక్కాడు. హెడ్‌ఫోన్లు మెడలోకి జార్చాడు.

"ఫ్యాను చప్పుడు ఎక్కువైందమ్మా. ఏమీ పడలేదు."

ఫ్యాను ఆపిన నేను, చేతిలోని మైకు ఆయనకు అందించాను.

అంత ధైర్యం ఎట్లా వచ్చిందని తర్వాత అడిగాను. "ధైర్యమేందప్పా? ఆ గదిలో ఆడబిడ్డలు అరిసిన అరుపులన్నీ ఈదిలోకి మోస్తే, మళ్ళా మా కాడికి యెవురొస్తారు?" అని, ఆరేసిన గుడ్డలు తీసుకోవడానికి పోయింది.

ఆ ఎపిసోడ్ వచ్చిన పూట నేను కుప్పం బస్టాండు ఎదురుగా టీకొట్టులో ఉన్నాను. నర్సమ్మ ఇల్లు కనిపించింది. వాకిట్లో నుంచి కిటికీ గుండా ఎవరో తీసిన బొమ్మ. లోపల ఆ పిల్ల నేల మీద కూర్చునుంది, వెనకాల నర్సమ్మ తలకు నూనె రాస్తోంది. ఆ పిల్ల పెదాలు కదులుతున్నాయి.

"సౌండు యాడికి పోయిందప్పా?" అన్నారు ఎవరో. టీ మాస్టరు రిమోట్ తీసుకుని పెంచాడు. ఇంకా పెంచాడు. మాటలు లేవు. కొట్టులో ఒక్కొక్కరే మాట్లాడటం మానేశారు. తెరమీద నర్సమ్మ వేళ్ళు తొందర లేకుండా చిక్కులు తీసి, మూడు పాయలు విడదీసి, జడ అల్లుతున్నాయి.