వియత్నాంలో మధ్యాహ్న భోజనం

జీవరత్నం మేడం కోపమొస్తే అరవదు, మార్కర్‌కి మూత గట్టిగా పెడుతుంది. ఈ జూన్ నుంచి ఆవిడ చేతిలో మూడు మూతలు పగిలాయి. గన్నవరం దాటాక హైవే పక్కనున్న బిజినెస్ స్కూల్లో పదకొండేళ్లుగా ఆపరేషన్స్ సబ్జెక్టు చెబుతోంది. సరుకు ఎక్కడ పుట్టి, ఎన్ని చేతులు మారి, ఎక్కడెక్కడ ఆగి, కొనేవాడికి ఎలా చేరుతుందో చెప్పే సబ్జెక్టు అది. రెండో ఏడాది ఎంబీఏ పిల్లల్ని ఏటా విదేశానికి తీసుకెళ్లే స్టడీ ట్రిప్పు బాధ్యత ఈసారి ఆవిడ నెత్తిన పెట్టారు. పెట్టారంటే పెట్టలేదు, ఆవిడే అడిగి తెచ్చుకుంది. ఆ తప్పు ఆవిడదే.

ఇంతకు ముందు ట్రిప్పులు రెండు దుబాయికి, ఒకటి సింగపూర్‌కి వెళ్లాయి. ఏం స్టడీ చేశారర్రా అంటే పిల్లలు ఫోన్లు తీసి ఫొటోలు చూపించారు. ఎత్తయిన మేడ ముందు ఒకటి, మాల్లో చేపల అద్దం ముందు ఒకటి. ఆ చేపల్ని చూడడానికి విమానం ఎందుకో జీవరత్నానికి అర్థం కాలేదు.

ఆవిడ క్లాసులో ముప్ఫై ఎనిమిది మంది. సగం మందికి కైకలూరు, కలిదిండి వైపు రొయ్యల చెరువులున్నాయి. నలుగురైదుగురికి రొయ్యలు ఒలిచే షెడ్లు కూడా ఉన్నాయి. చదువయ్యాక ఆ షెడ్లు నడిపేది వీళ్లే. జీవరత్నం తల్లి అమలమ్మ అలాంటి షెడ్డులోనే ఇరవై రెండేళ్లు తడి సిమెంటు నేల మీద నిలబడి రొయ్యలు ఒలిచింది. ఐసులో నానీ నానీ ఆమె వేళ్లు ఇప్పుడు పూర్తిగా చాచుకోవు. ఈ సంగతి జీవరత్నం కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడి కాదు, చెబితే "అయ్యో" అంటారని, అని ఊరుకుంటారని.

వియత్నాంలో కాన్‌థో అనే ఊరి దగ్గర ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. ఆవిడ వాళ్లకు ఆరు మెయిళ్లు రాసింది. అక్కడ ఒలిచేవాళ్లు కూర్చుని ఒలుస్తారట. గంటన్నరకోసారి పని ఆపి, చేతులు వేడినీళ్లలో పెట్టుకోవడానికి ప్రత్యేకంగా తొట్లు కట్టారట. అయినా సరుకు మనకంటే తొందరగా బయటికెళ్తుందట. రేపటి షెడ్ల యజమానులు ఆ తొట్ల ముందు ఒక పూట నిలబడాలి. జీవరత్నానికి కావలసింది అంతే. ఫ్యాక్టరీ మేనేజరు రమ్మన్నాడు కూడా.

మొదటి మీటింగులోనే తెలిసింది, ఇది తేలే వ్యవహారం కాదని. డైరెక్టరు వెంకటసుబ్బారావు గారు మంచివారు. ఎవరికీ కాదని చెప్పలేరు, ఆయన జబ్బల్లా అదే. ఒకాయన దుబాయే మేలన్నాడు, అక్కడ వాళ్ల బావమరిది ఉన్నాడు గనక. ఇంకొకాయన స్విట్జర్లాండ్ అన్నాడు, ఎందుకని అడిగితే మంచు అన్నాడు. విద్యార్థుల తరఫున వచ్చిన భానుశ్రీ టీషర్టుల రంగు గురించి అడిగింది. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! దేశమే తేలలేదు, టీషర్టులు నేవీ బ్లూ అని తీర్మానమైపోయింది.

అయిదు మీటింగులు పట్టింది. ఒక్కొక్కర్నీ విడివిడిగా కలిసి, లెక్చరర్లకు టీలు పోయించి, డైరెక్టరు గారి చేత మూడుసార్లు "చూద్దాం మేడం", ఒకసారి "సరే మేడం" అనిపించింది. వియత్నాం ఖాయమైంది. ఆ సాయంత్రం అమలమ్మకు చెబితే, "నీళ్లు నిజంగా వేడిగా ఉంటాయో, పేరుకే పెడతారో చెయ్యి పెట్టి చూసి రా," అంది.

ఖాయమయ్యాక ఛైర్మన్ గారి కబురొచ్చింది. టికెట్లు సోమవారానికి తీశారట, వియత్నాం తూర్పట, సోమవారం తూర్పుకి వారశూలట. ముప్ఫై ఎనిమిది మంది పిల్లల్ని శూలకి ఎదురు పంపిస్తామా అన్నారు. పోనీ మంగళవారం అంటే, మంగళవారం బయల్దేరేవాళ్లు ఎవరండీ అన్నారు. బుధవారమైంది. తిరుగు టికెట్లు మాత్రం మారలేదు. ఏడు రోజుల ట్రిప్పు అయిదు రోజులకి దిగింది. జీవరత్నం కాగితం మీద రోజుల్ని మళ్లీ సర్దుకుంది. నాలుగో రోజు మొత్తం ఫ్యాక్టరీకి ఉంచింది. తక్కినవి ఏమైనా పోనీ అనుకుంది.

అప్పుడొచ్చాడు ట్రావెల్స్ కిరీటి. నవ్వు ముఖం, చేతిలో రంగుల కాగితాలు.

"మేడం, మీరు ఏ దేశమైనా చెప్పండి. పప్పు, ఆవకాయ నా గ్యారంటీ. మా వంటమాస్టర్లు ఇద్దరు మనతోనే ఫ్లైటెక్కుతారండి. అక్కడ హోటల్ వాళ్ల కిచెన్ కూడా మాట్లాడేశాను," అన్నాడు.

పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, స్టడీ ట్రిప్పుకి వంటమాస్టర్లు ఏమిటని జీవరత్నం అడగబోయింది. ఈలోగా డైరెక్టరు గారి ముఖం వెలిగిపోయింది. పేరెంట్స్ మీటింగులో ఆ కాగితాలే పంచారు. ఎక్కడికి తీసుకెళ్తారు, ఏం నేర్పిస్తారు అని ఒక్కరూ అడగలేదు. "మధ్యాహ్నం పెరుగుంటుందా అండీ?" అని పదకొండు మంది అడిగారు. జీవరత్నం లెక్కపెట్టింది.

వారం తర్వాత ప్రోగ్రాం షీటు వచ్చింది. నాలుగో రోజు ఎదురుగా "లోకల్ మార్కెట్, ఫ్రీ టైమ్" అని ఉంది. ఫ్యాక్టరీ లేదు.

కిరీటికి ఫోన్ చేసింది.

"ఫ్యాక్టరీ మూడున్నర గంటల దూరం మేడం. పొద్దున్నే వెళ్లినా ఒంటిగంటకి లంచ్‌కి వెనక్కి రాలేం కదండీ. వంట హోటల్లో కదా!"

"పులిహోర పొట్లాలు కట్టించండి. బస్సులో తింటాం."

"కాగితంలో మూడు పూటలా వేడివేడి భోజనం అని వేసేశామండీ. పొట్లాలంటే పేరెంట్స్ గొడవ చేస్తారు. నేను తీసెయ్యలేదు మేడం, డైరెక్టర్ గారు ఓకే అన్నారు."

డైరెక్టరు గారు, పిల్లలే అడిగారన్నారు. భానుశ్రీని పిలిస్తే, "మేమేం తీసెయ్యమన్లేదు మేడం, లంచ్ ఎక్కడని అడిగామంతే," అంది. భానుశ్రీ వాళ్లకి రెండు షెడ్లున్నాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలన్నీ మాయం. ఈ సామెత ఇంత సూటిగా తగిలే రోజు వస్తుందని జీవరత్నం అనుకోలేదు. నవ్వు రాలేదు. 

"మీరడిగిన దేశమే ఇచ్చాం కదా మేడం, ఇంకా ఏంటండీ?" అన్నారు వెంకటసుబ్బారావు గారు నిజంగానే బాధపడుతూ. ఇచ్చిన మాట తప్పాననే అనుమానం కూడా ఆయనకు లేదు. ఆ బాధ చూసి ఆవిడకు అరవాలనిపించింది. అరవలేదు. ఆయన డ్యూటీల కాగితం చేతిలో పెట్టారు. కోఆర్డినేటర్ జీవరత్నం: భోజనాల పర్యవేక్షణ.

హనుమాన్ జంక్షన్‌లో బస్సు దిగి ఇంటికెళ్లేసరికి అమలమ్మ వరండాలో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. చాచుకోని వేళ్లతో ఒక్కో కాయకీ చాలాసేపు పడుతుంది, సాయం చేస్తానంటే ఒప్పుకోదు. ఫ్యాక్టరీకి ఏ రోజు వెళ్తున్నారు అని అడిగింది.

"వెళ్లట్లేదమ్మా."

"అదేంటే?"

"మధ్యాహ్నం అన్నం టైముకి తిరిగి రాలేమంట."

అమలమ్మకు మొదట అర్థం కాలేదు. రెండోసారి చెప్పించుకుంది. చేతిలో కాయ గిన్నెలో పడేసింది.

"నేను ఇరవై రెండేళ్లు మధ్యాహ్నం అన్నం నాలుగింటికి తిన్నానే రత్నం. లారీ వచ్చిన రోజు ఆరింటికి. వేళ్లు కొయ్యబారి ముద్ద కలపలేకపోతే మీ నాన్న కలిపి నోట్లో పెట్టిన రోజులున్నాయి. ఆ పని ఎట్టా ఉంటదో చూడ్డానికి వీళ్లకి ఒక్కపూట అన్నం అడ్డమొచ్చిందా?"

జీవరత్నం అక్కడే మెట్టు మీద కూర్చుని డైరెక్టరు గారికి మెసేజ్ పెట్టింది: నాలుగో రోజు నేను హోటల్లో ఉండను సార్, కాన్‌థో వెళ్తున్నాను.

నిమిషంలో జవాబొచ్చింది: "మరి ఆ పూట పెరుగు ఎవరు చూస్తారు మేడం?"

ఆవిడ మెయిల్ తెరిచి ఫ్యాక్టరీ మేనేజరుకు రాసింది. విద్యార్థులు రావడం లేదు, కారణం రాయడానికి నాకు సిగ్గుగా ఉంది, నేనొక్కదాన్నే వస్తాను, పొద్దున షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందో చెప్పండి.